బోధన్‌లో చాయ్ వద్దన్న అసిస్టెంటు

ఈ మధ్య నాకు ఫోన్ చేసే పిల్లలందరూ ఒకటే అడుగుతున్నారు. "మేడం, అసిస్టెంట్ బిహేవియర్ అనలిస్ట్ పరీక్షకు ఏ పుస్తకం చదవాలె?" అని. ఏదో ఒకటి చదవండి. నేను మొదటిసారి ఫెయిలై రెండోసారి పాసయ్యాను కాబట్టి రెండింటిలోనూ అనుభవం ఉంది. అంతకు మించి పరీక్ష గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఈ పనిలోకి దిగాక ఏమవుతుందో చెప్పమంటే మాత్రం చెప్తాను. పోయిన నెలతో పని మానేశాను. ఇక నా కాగితాల మీద సంతకం పెట్టేవాళ్ళు ఎవరూ లేరు, కాబట్టి నిజమే చెప్తాను.

ఎవలికి అసిస్టెంటు?

నిజామాబాద్‌లో ఒక ప్రత్యేక పిల్లల బడిలో ఇరవై ఏళ్ళకు పైగా టీచరుగా చేశాను. నలభై తొమ్మిదో ఏట ఈ సర్టిఫికెట్ చదువు మొదలుపెట్టాను. మా అత్తమ్మకు అది అస్సలు నచ్చలేదు.

"ఇన్నేండ్లు టీచరమ్మవు. ఇప్పుడు అసిస్టెంటు అవుతవా? ఎవలికి అసిస్టెంటు?"

"బెంగళూర్ల ఒక మేడం ఉంటది అత్తమ్మా. ఆమె కింద."

"ఆమెకు ఎన్నేండ్లు?"

"ముప్పై నాలుగు."

 ఆ సాయంత్రం అత్తమ్మ పక్కింటావిడతో "మా కోడలు కిందికి ప్రమోషన్ తీస్కున్నది" అని చెప్పడం విన్నాను.

ఉద్యోగం ఏమిటంటే, చెప్పడానికి చిన్నదే. మాట రాని పిల్లలు, ఆటిజం ఉన్న పిల్లలు ఒక్కోసారి కొరుకుతారు, తల గోడకు కొట్టుకుంటారు, పారిపోతారు. ఆ పని చేసే ముందు ఏం జరిగింది, చేశాక ఆ పిల్లకు ఏం దొరికింది, కూర్చుని చూసి రాయాలి. కారణం దొరికితే దానికి బదులు ఇంకో మంచి దారి నేర్పాలి. పథకం పెద్ద అనలిస్టుది. ఇళ్ళు తిరిగేది, తిట్లు తినేది, చాయ్ తాగేది అసిస్టెంటు. చాయ్ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, అదే చెప్పబోతున్నాను.

మొండి అని రాయకండి

సర్టిఫికెట్ రావాలంటే క్లాసులు వినాలి. ఆ తర్వాత కొన్ని వందల గంటలు పెద్ద అనలిస్టు కనుసన్నల్లో పని చేయాలి. ఆమె మనం పని చేస్తుంటే చూస్తుంది, తప్పులు దిద్దుతుంది, సంతకం పెడుతుంది. నాకు దొరికిన బెంగళూరు వైదేహి మేడం ఫోన్ తెరలో చూసేది. చక్కని పుస్తకాల తెలుగు మాట్లాడేది. కోపం వస్తే తెలుగు ఇంకా చక్కగా మారేది.

మొదటి వారం నేను పంపిన కాగితంలో "పాప మొండి చేసింది" అని రాశాను. ఎర్ర గీత పెట్టి వెనక్కు పంపింది.

"మొండితనం మీ కంటికి ఎలా కనిపించింది? ఏ రంగులో ఉంది?"

"మేడం, మొండి అంటే మొండే కదా."

"కంటికి కనిపించింది రాయండి. కింద కూర్చుంది, చేతులు కట్టుకుంది, రెండు నిమిషాలు కదల్లేదు. అలా."

ఇరవై ఏళ్ళ టీచరుకు ఇది చెంపదెబ్బ. అయినా మంచి దెబ్బ. ఆ అలవాటు ఇంట్లో కూడా అంటుకుంది. మా ఆయన కోపిష్టి అని పెళ్ళయినప్పటి నుంచీ అందరికీ చెప్పుకుంటున్నాను. వారం రోజులు కూర్చుని రాస్తే, ఆయన అరిచింది ఏడుసార్లు, ఏడుసార్లూ కళ్ళజోడు దొరకనప్పుడే. ఇంకో కళ్ళజోడు కొని టీవీ దగ్గర పెట్టాను. "ఇప్పుడు నన్ను కూడ రాస్తున్నవా?" అని ఒక రోజు అరిచాడు. అది ఎనిమిదోది, అది మాత్రం నా తప్పే.

చీర కొంగు, గుంజ

ఇప్పుడు బోధన్ ఇంటి సంగతి. పేర్లు మార్చాను. పిల్లను బుజ్జి అందాం. ఆరేళ్ళది, మాటలు లేవు. తల్లి గంగామణి బీడీలు చుడుతుంది. నాయనమ్మ భూమవ్వ. తండ్రి పొలం పనుల్లో పొద్దంతా బయటే. ఇల్లు పెద్ద రోడ్డుకు ఇరవై అడుగుల దూరం. చెరుకు కోతలు మొదలై వారమైంది, ఆ రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు ఒకదాని వెనుక ఒకటి పోతున్నాయి.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు బుజ్జి వరండాలో గుంజకు కట్టేసి ఉంది. పాత నూలు చీర. ఒక కొస పిల్ల నడుముకు, ఇంకో కొస గుంజకు. గంగామణి ఆ పక్కనే చాట ముందు కూర్చుని బీడీలు చుడుతోంది.

నా నోరు ఊరుకోలేదు. "పిల్లను గిట్ల కట్టొద్దమ్మా."

గంగామణి చేతిలో బీడీ ఆపలేదు. "పోయిన చెరుకు సీజన్ల ట్రాక్టర్ చక్రానికి జానెడు దూరంల దొరికింది మేడం. ఇప్పుతే ఉరుకుతది. నువ్వు ఇరవై నాలుగు గంటలు ఈడ కూసుంటవా?"

నేను కూర్చోలేను. అందుకే నాకు ఒక్కటే పని పడింది. ఆ ముడి విప్పగలిగేలా చేయాలి. కోతల సీజన్ అంతా ఆ పిల్ల గుంజకే ఉంటుందా, రోడ్డు మీదికి పోకుండా వరండాలో ఆడుకుంటుందా అన్నదే ప్రశ్న. గంటలు, సంతకాలు ఆ తర్వాత.

బీడీ అయిపోయిన డేటా

నేను లేనప్పుడు, అన్నానికో స్నానానికో ముడి విప్పితే పిల్ల ఎన్నిసార్లు ఉరికిందో ఎవరైనా లెక్కపెట్టాలి. భూమవ్వకు రాయడం రాదు. అందుకని ఒక ఉపాయం చెప్పాను. "అవ్వా, బుజ్జి ఉరికినప్పుడల్లా ఈ డబ్బాల ఒక తునికాకు వెయ్యి." కత్తిరించిన ఆకులు ఆ ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడు రోజుల తర్వాత వెళ్తే డబ్బా ఖాళీ.

"ఒక్కసారి కూడ ఉరకలేదా అవ్వా?"

"ఎందుకు ఉరకలె? మస్తు ఉరికింది. నేను ఏసిన. గంగామణికి ఆకు తక్కువబడ్డది, తీస్కొని చుట్టింది."

ఆ రోజు ఫోన్లో వైదేహి మేడం అడిగింది. "మూడు రోజుల డేటా ఏమైంది?"

"తాగేశారు మేడం" అన్నాను.  ఆ తర్వాత చింతగింజలకు మారాం.

మెల్లగా ఉరికిన మనుషులు

నేనక్కడ ఉన్నప్పుడు ముడి విప్పేవాళ్ళు. వారంలో ఎనిమిదిసార్లు బుజ్జి పారిపోవడం చూశాను, ఫోన్లో వీడియో కూడా తీశాను. పారిపోగానే తల్లి అరుస్తుంది, అవ్వ అరుస్తుంది, పక్కింటివాళ్ళు వస్తారు, అందరూ వెంటపడతారు, పట్టుకుని ఎత్తుకొస్తారు. నాకు కారణం దొరికిపోయింది. అందరూ తనను చూడాలని పిల్ల ఉరుకుతోంది. పుస్తకంలో ఇలాంటి పాఠమే ఉంది. ఆ పాఠంలో నాకు పదికి పది వచ్చాయి.

వైదేహి మేడంను అడగకుండానే చెప్పేశాను. అసిస్టెంటు చేయకూడని మొదటి పని అదే, నేను మొదట చేసింది కూడా అదే. "పట్టుకోవడానికి ఉరుకుండి. కానీ అరవొద్దు. పేరు పిలవొద్దు. మొఖం చూడొద్దు. సప్పుడు చెయ్యకుండ తీస్కరండి."

మరునాడు బుజ్జి ఉరికింది. దాని వెనుక గంగామణి, ఆమె వెనుక నేను, మా వెనుక డెబ్బై ఏళ్ళ భూమవ్వ కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని. నలుగురం బోధన్ రోడ్డు అంచున నోరు మెదపకుండా ఉరుకుతున్నాం. కిరాణా షాపాయన బయటికి వచ్చి "ఏమైందే, దొంగలు పడ్డరా?" అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆయన భయపడి షట్టర్ సగం దించేశాడు.

వారం అలాగే ఉరికాం. బుజ్జి ఉరకడం ఒక్కటి కూడా తగ్గలేదు. మాకు మాత్రం మోకాళ్ళు పట్టుకున్నాయి.

మూసిన తలుపు

ఇంతలో దాని పక్కనే ఇంకో తప్పు పెరుగుతోంది. మా సర్టిఫికెట్‌కు ఒక నియమావళి ఉంది. అందులో కుటుంబాల దగ్గర కానుకలు పుచ్చుకోవద్దని ఉంది. నేను అది బట్టీ పట్టాను. చాయ్ కూడా కానుకే అని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఎందుకంటే చాయ్‌తో మొదలైతే మా జిల్లాలో పసుపు బస్తాతో గానీ ఆగదు. అంతకు ముందు మోర్తాడ్‌లో ఒక పిల్లాడి తండ్రి, రైతు, మా బండి డిక్కీలో చెప్పకుండా పసుపు కొమ్ములు పెట్టాడు. అవి తిరిగిచ్చి వచ్చేసరికి నాకు పొద్దు గుంకింది.

అందుకని బోధన్ ఇంట్లో మొదటి రోజు గంగామణి చాయ్ తెస్తే "ఉపాసమున్న" అన్నాను. రెండో రోజు "గ్యాస్ట్రిక్" అన్నాను. మూడో రోజు "ఇప్పుడే తాగొచ్చిన" అన్నాను. నియమావళిలో అబద్ధం ఆడొద్దని కూడా ఉంది. ఆ పేజీ నాకు గుర్తు రాలేదు. రెండో వారంలో అబద్ధాలు అయిపోయాయి, రూలు ఒప్పుకోదని చెప్పేశాను.

భూమవ్వ కప్పు కింద పెట్టింది. "ఏం రూలమ్మా అది?"

"గవర్నమెంట్ రూల్ అసొంటిది అవ్వా. మీ ఇంట్ల ఏం ముట్టుకోవద్దు."

ఆ మాట నా నోటి నుంచి వచ్చాక కూడా నాకు వెలగలేదు. భూమవ్వకు మాత్రం వెంటనే అర్థమైంది. ఆమె జీవితమంతా ఆ మాటను ఎన్నో ఇళ్ళ ముందు నిలబడి విన్నది.

"మా ఇంట్ల నీళ్ళు ముట్టవు. మా చెయ్యి చాయ్ ముట్టవు. మరి మా పిల్లనెట్ల ముట్టుకుంటున్నవమ్మా నువ్వు? పో. మళ్ళ రాకు."

 గంగామణి లేచి బుజ్జి నడుముకు చీర కట్టింది. తలుపు వేసుకున్నారు.

బస్సులో నిజామాబాద్ దాకా నాకు కోపమే. రూలు ప్రకారం నడుచుకుంటే ఇదా మర్యాద అనుకున్నాను. బస్టాండ్‌లో దిగి చాయ్ తాగుదామని కప్పు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు సిగ్గేసింది. ఇక్కడ ఎవరు చేశారో తెలియని చాయ్ తాగుతున్నాను, అక్కడ నా కోసం చేసిన చాయ్ రెండు వారాలు చల్లారబెట్టాను. తాగకుండానే ఇంటికి పోయాను.

రాత్రంతా నిద్రపోలేక పొద్దున్నే వైదేహి మేడంకు ఫోన్ చేసి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె చాలా చక్కని తెలుగులో మాట్లాడింది, అంటే తిట్టడమే.

"ఆ నియమం ఎందుకు పెట్టారు? వాళ్ళ దగ్గర లాభం పొంది మీరు పక్షపాతం చూపకుండా ఉండటానికి. ఒక కప్పు టీ తాగితే మీరు ఎవరి పక్షం వహిస్తారు? మర్యాదకు ఇచ్చేది పుచ్చుకోవచ్చని దాని కిందనే ఉంది. పూర్తిగా చదివారా?"

చదవలేదు. పరీక్షలో ఆ పైముక్కే వస్తుందని ఎవరో చెప్పారు.

"వెళ్ళి క్షమాపణ అడగండి. ఇంకొకటి, నన్ను అడగకుండా మౌనంగా పరిగెత్తమని చెప్పింది మీరేనా?"

దానికి విడిగా ఇంకో అరగంట పట్టింది.

అరుగు మీద చాయ్

నాలుగో రోజు బోధన్ పోయాను. భూమవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి మొఖం తిప్పుకుంది. లోపలికి పిలవలేదు. నేను ఆ అరుగు మీదే ఒక మూలకు కూర్చున్నాను.

"అవ్వా, తప్పు నాదే. రూల్ సగమే చదివిన. మీ మనసు నొచ్చుకునేటట్టు మాట్లాడిన. చాయ్ తాగిపోదామని వచ్చిన, ఇస్తే."

భూమవ్వ రోడ్డు వైపే చూస్తూ అంది, "ఇయ్యాల ఉపాసం లేదా?"

"లేదవ్వా."

"గ్యాస్ట్రిక్కో?"

"అది కూడ లేదు."

"గంగామణీ" అని లోపలికి కేక వేసింది, "చక్కెర ఎక్కువెయ్యి. టీచరమ్మ రెండు వారాలది ఒక్కసారే తాగుతదట."

ఆ చాయ్ పాకంలా ఉంది. ఒక్క గుక్కలో తాగలేక అరుగు మీద కూర్చుని మెల్లగా తాగుతున్నాను. అంతకు ముందు నేను ఎప్పుడూ ఇంటి లోపల, చాప మీద, కాగితాలు ముందేసుకుని కూర్చునేదాన్ని. అరుగు మీద కూర్చోవడం అదే మొదలు. గంగామణి నా మీద నమ్మకంతో ముడి విప్పింది.

దూరంగా ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. పెద్ద చప్పుడంటే భయపడే పిల్లల్లా బుజ్జి చెవులు మూసుకోలేదు, నవ్వింది. గీస్తున్న పలకను వదిలేసి ఉరికింది. మేం వెనుక ఉరికాం. నేను గ్లాసు చేతిలో పట్టుకుని కాస్త వెనుకబడ్డాను కాబట్టి అంతా కనిపించింది. ఇంటి ముందు మలుపు దగ్గర ట్రాక్టర్ నెమ్మదించింది. డ్రైవర్ వెనక్కు వంగి ఒక చెరుకు గడ విరిచి బుజ్జి చేతిలో పెట్టాడు. గంగామణి పిల్లను ఎత్తుకుంది. పిల్ల చెరుకు నములుతూ ఇంటికి వచ్చింది.

నేను డ్రైవర్ను ఆపాను. బాలాజీ అని, మహారాష్ట్ర వైపు మనిషి.

"రోజు ఇస్తవా అన్న?"

"ఇస్త బాయీ. ఇయ్యకుంటే బిడ్డ బండి ఎనుకకు పోయి చెరుకు లాగుతది. చక్రం కింద పడితే? గందుకే నేనే ఇస్త. నేనొక్కన్నే కాదు, అందరం ఇస్తం."

మంచి మనసుతో సీజన్ అంతా, డ్రైవర్లందరూ కలిసి ఆ పిల్లకు రోడ్డు మీదికి ఉరకడం నేర్పిస్తున్నారు. నేనేమో ఇంట్లో కూర్చుని ఎవరు అరిచారో రాస్తున్నాను.

భూమవ్వను అడిగాను. "అవ్వా, చెరుకు ఇస్తున్నరని నాకు ఎందుకు చెప్పలె?"

"గదేమన్న చెప్పే ముచ్చటనా? పోయే బండి చెరుకు ఎవలు తీస్కోరు? నువ్వు తీస్కోలేదా చిన్నప్పుడు?"

తీసుకున్నాను. అదే కదా అసలు తప్పు. ఇంటికొచ్చి నేను తీసిన వీడియోలన్నీ మళ్ళీ చూశాను. ఎనిమిదింటిలోనూ వెనక్కు వచ్చేటప్పుడు పిల్ల చేతిలో చెరుకు ముక్క ఉంది. ఒక్క కాగితంలో కూడా రాయలేదు. చెరుకు సీజన్లో మా వైపు పిల్లల చేతిలో చెరుకు ఎవరికీ కనిపించదు. కంటికి కనిపించిందే రాయమన్న వైదేహి మేడం కూడా ఆ వీడియోలు చూసింది. అడిగితే కొంచెం తగ్గి, "అది ఆడుకునే కర్ర అనుకున్నాను" అంది. ఆ రోజు మేమిద్దరం సమానమయ్యాం.

డ్రైవర్ల మీటింగ్

ఈసారి పథకం ఆమెతోనే వేయించాను. ఇంట్లో చెరుకు ముక్కలు పెట్టాలి. చెరుకు బొమ్మ ఉన్న ఒక కార్డు బుజ్జికి అందేలా రోడ్డు వైపు వరండా గుమ్మం పక్కన వేలాడదీయాలి. కార్డు తెచ్చి చేతిలో పెడితే వెంటనే ముక్క ఇవ్వాలి. వెంటనే అంటే వెంటనే. రోడ్డు మీద మాత్రం ఎవరూ ఇవ్వకూడదు.

రోడ్డు మీద ఇవ్వకుండా చేయడం ఎలా? చాయ్ హోటల్ దగ్గర డ్రైవర్లను కూర్చోబెట్టి మీటింగ్ పెట్టాను. చాయ్‌లన్నీ నావే. ఒకాయన అడిగాడు, "చెరుకు ఇస్తే తప్పు, ఇయ్యకుంటే పిల్ల ఏడుస్తది, మేమేం పాపం చేసినం?" బాలాజీ లేచి అందరికీ తన భాషలో ఏదో గట్టిగా చెప్పాడు. ఏం చెప్పాడో నాకు సగమే తెలిసింది గానీ, అందరూ తలూపారు. మలుపు దగ్గర నెమ్మదిగా పోతామని, గంగామణి పిల్లను పట్టుకునేదాకా ఆగుతామని ఒప్పుకున్నారు.

డ్రైవర్లు మాట నిలబెట్టుకున్నారు. నిలబెట్టుకోనిది భూమవ్వ. పిల్ల ఏడుపు చూడలేక కార్డు లేకుండానే కొంగులో దాచి చెరుకు ముక్కలు ఇస్తోంది. పట్టుకుంటే, "కార్డు నేనే దాని చేతుల పెట్టి, నేనే తీస్కున్న. రూల్ అయింది కదా?" అంది. రూలు సగం చదివినదాన్ని నేను ఆమెను ఏమనగలను?

మూడు వారాలు పట్టింది. మొదట బుజ్జి చేయి పట్టి కార్డు ఇప్పించాం, తర్వాత మోచేయి ముట్టుకుంటే ఇచ్చింది, తర్వాత వేలు చూపిస్తే ఇచ్చింది. అదంతా ఇంట్లో, ట్రాక్టర్ లేనప్పుడు. ట్రాక్టర్ చప్పుడు వింటే మాత్రం అన్నీ మరిచి ఉరికేది. ముడి ఇంకా పూర్తిగా పోలేదు. నేను లేనప్పుడు కడుతూనే ఉన్నారు.

వైదేహి మేడం చూసిన రోజు

ఒక రోజు వైదేహి మేడం ఫోన్లో చూస్తోంది. ఫోన్ కిటికీలో పెట్టాను. బుజ్జి వరండాలో గవ్వలు వరసగా పేరుస్తోంది, నడుముకు చీర లేదు. గంగామణి చాట ముందు ఉంది. నేను కాగితం, పెన్ను పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను.

ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. గంగామణి చేయి తనకు తెలియకుండానే గుంజ దగ్గరికి పోయింది. బుజ్జి లేచింది. గుమ్మం దాకా ఉరికింది. నేను అడ్డం పడబోయాను.

"ఆగండి" అంది ఫోన్లోంచి వైదేహి మేడం.

ఆగాను. ట్రాక్టర్ మలుపు దగ్గరికి వచ్చింది. బుజ్జి గుమ్మం మీద నిలబడి దాన్ని చూసింది. పక్కకు చూసింది. కార్డు పీకింది. వెనక్కు తిరిగి నడిచి వచ్చి, తల్లి ఒళ్ళో, బీడీ ఆకుల మీద పెట్టింది. పెట్టి, తల్లి మొఖంలోకి చూసింది.

ఆరేళ్ళలో ఆ పిల్ల తనంతట తాను తల్లిని ఏదైనా అడగడం అదే మొదటిసారి. గంగామణి ఆ కార్డు వైపు చూసి ఘొల్లుమంది. భూమవ్వ కూడా అందుకుంది. పక్కింటావిడ ఏం జరిగిందో తెలియకుండానే వచ్చి ఏడవడం మొదలుపెట్టింది. చెరుకు ముక్కలున్న గిన్నె గంగామణి మోకాలి పక్కనే ఉంది. ఎవరూ ముట్టుకోవడం లేదు. బుజ్జి తల్లి మొఖం చూసింది, మళ్ళీ రోడ్డు వైపు చూసింది. ఒక పాదం గుమ్మం వైపు తిరిగింది.

నా సర్టిఫికెట్ చదువంతా, ఇరవై ఏళ్ళ టీచరు గొంతంతా కలిపి ఒక్క అరుపు అరిచాను.

"ముందు చెరుకియ్యి తల్లీ! ఎనుక ఏడువు!"

ఫోన్లోంచి వైదేహి మేడం కూడా అరిచింది, మొదటిసారి పుస్తకాల తెలుగు వదిలేసి. "ఇచ్చెయ్యండి బాబూ, ఇచ్చెయ్యండి!"

గంగామణి కళ్ళు తుడుచుకోకుండానే గిన్నెలోంచి ముక్క తీసి బుజ్జి చేతిలో పెట్టింది. బుజ్జి దాన్ని తీసుకుని, తల్లి ఒళ్ళో కూర్చుని నమలడం మొదలుపెట్టింది. బయట బాలాజీ ట్రాక్టర్ హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ పిల్ల తల కూడా ఎత్తలేదు.